జొహోర్ వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

మలేసియాలోని జొహోర్‌లో వస్తున్న జొహోర్-సింగపూర్ ప్రత్యేక ఆర్థిక మండలి ప్లానింగ్ టీమ్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. వీధిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. కార్మిక శాఖలో చేసి రిటైరైనదాన్ని కదా, కొత్త జోన్ అనగానే షిఫ్టు దిగే ఆడపిల్లలే కళ్లముందు మెదులుతారు.

వీసా, సామాన్లు నువ్వే చూసుకోగలవు. పన్ను రాయితీలు, కస్టమ్స్ సీనియర్లు నేర్పుతారు. 2025 జనవరిలో మలేసియా, సింగపూర్ ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందం గురించి మాత్రం దొరికిందంతా చదువు. మొదటి ఐదేళ్లలో 50 ప్రాజెక్టులు, 20 వేల నైపుణ్య ఉద్యోగాలు అన్నారు. ఆ 20 వేల మంది ఎవరో, ఎక్కడ ఉంటారో, ఎన్నింటికి లేస్తారో అడుగు.

మెక్సికోలో ఇది అడగలేదు. అమెరికా పొలాల్లో పనికి మెక్సికో మగవాళ్లను తీసుకెళ్లే బ్రసేరో పథకం 1964లో ఆగింది. తిరిగొచ్చిన వాళ్లకు పని చూపాలని 1965లో సరిహద్దు పారిశ్రామికీకరణ పథకం పెట్టారు. అమెరికా నుంచి విడిభాగాలు సుంకం లేకుండా వస్తాయి, బిగించి వెనక్కి పంపుతారు. ఫ్యాక్టరీలు వచ్చాయి, కానీ పనిలోకి ఎక్కువగా తీసుకున్నది వయసులో ఉన్న ఆడపిల్లల్ని. అమెరికా సరిహద్దులోని సియుడాడ్ హ్వారెజ్ ఊరి అంచున నీళ్లూ వీధిదీపాలూ లేని బస్తీలు వెలిశాయి. అక్కణ్నుంచి చీకట్లో నడిచి బస్సు అందుకోవాలి. 1990ల్లో ఆ ఊళ్లో ఆడవాళ్లు మాయమై, శవాలై దొరకడం మొదలైంది. 2001లో కొద్ది నిమిషాలు ఆలస్యమైందని ఒకమ్మాయిని ఫ్యాక్టరీ గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఇల్లు చేరలేదు తల్లీ. నెల తిరక్కుండా పత్తిచేలో శవమై దొరికింది. ఆ చేలోనే మొత్తం ఎనిమిది మంది. మెక్సికో ప్రభుత్వం ఆడపిల్లల్ని కాపాడలేదని, దర్యాప్తూ సరిగా చేయలేదని 2009లో అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కోర్టు తేల్చింది.

మన తడ పక్కన శ్రీసిటీ కూడా తమిళనాడు సరిహద్దులోనే ఉంది. కంపెనీ బస్సు దిగే కూతురి కోసం టార్చిలైటుతో రోడ్డు మీదికొచ్చి నిలబడే తల్లుల్ని ఆ పల్లెల్లో చూశాను. వాళ్లతో మాట్లాడుతూ నేనూ నిలబడిపోయేదాన్ని.

జొహోర్ బహ్రు ఊరి నుంచి తెల్లారకముందే వేలమంది సింగపూర్‌లో పనికి బైకుల మీద కాజ్‌వే, అంటే సముద్రం మీది రోడ్డు, దాటుతారు. ఆ రెండు ఊళ్లనూ కలిపే కొత్త ఆర్‌టీఎస్ రైలు గంటకు ఒక్కోవైపు 10 వేల మందిని దాటిస్తుందట, మంచిదే. కానీ మీ జోన్ 3,500 చదరపు కిలోమీటర్లకు పైనే. రైలు దిగి జోన్‌లోనే ఉన్న సెనాయ్‌కో పెంగెరాంగ్‌కో అర్ధరాత్రి షిఫ్టుకు వెళ్లేదెలా? బస్సులకూ హాస్టళ్లకూ మొదటి బడ్జెట్‌లోనే వేరే పద్దు పెట్టించు. తర్వాత చూద్దామంటే ఎవరూ చూడరు. పెద్దవాళ్ల ముందు గొంతు తగ్గించే అలవాటు ఇకనైనా మానుకో. నీకు తెలివి తక్కువై కాదు, మొహమాటం ఎక్కువై వెనకబడతావు. నా బంగారు తల్లివి, గట్టిగా అడుగు.

నీకు ఆఫీసులో లేటైతే డబ్బులు చూడకుండా కారు మాట్లాడుకో. ఇల్లు చేరగానే మీ అమ్మకే కాదు, నాకూ మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ