పాత కారులో పాటలు రాకపోతే

ప్రశ్న: ఇటీవల పాత కారు ఒకటి కొన్నాను. ఫోన్‌ను బ్లూటూత్‌తో కలిపితే కాల్స్ కారు స్పీకర్లలో వస్తున్నాయి గాని, పాటలు మాత్రం ఫోన్‌లోనే మోగుతున్నాయి. 64 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే కారులోని మ్యూజిక్ సిస్టమ్ దాన్ని చదవడం లేదు. సిస్టమే మార్చాలని దుకాణంలో చెబుతున్నారు. నిజంగా అవసరమా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి సిస్టమ్ పాడైందనడానికి ఆధారం కనిపించడం లేదు. తొందరపడి డబ్బు ఖర్చు చేయకండి.

బ్లూటూత్‌లో కాల్స్‌కూ సంగీతానికీ వేర్వేరు ప్రొఫైళ్లు, అంటే ఒక్కో పనికి ఒక్కో అనుసంధాన పద్ధతి ఉంటాయి. కాల్స్ హెచ్ఎఫ్‌పీ అనే ప్రొఫైల్ ద్వారా, పాటలు ఏ2డీపీ అనే ప్రొఫైల్ ద్వారా నడుస్తాయి కాబట్టి ఒకటి పనిచేస్తూ రెండోది ఆగిపోవచ్చు. ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కారు పేరు పక్కనున్న గుర్తును నొక్కి, ‘మీడియా ఆడియో’ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. ఆ తరువాత కారు సిస్టమ్‌లో సోర్స్‌ను బ్లూటూత్ ఆడియోకు మార్చండి. ఎఫ్ఎం మీదే వదిలేస్తే పాట వినిపించదు. ఫోన్‌లో ఆ ఎంపికే కనిపించకపోతే మీ సిస్టమ్ కాల్స్‌కే పరిమితమైన పాత రకం కావచ్చు. అప్పుడు పెన్‌డ్రైవో, ఫోన్‌ను వైరుతో సిస్టమ్‌కు కలిపే ఆక్స్ కేబులో వాడాలి. పాత యజమాని ఫోన్ వివరాలు, కాంటాక్టులు ఇంకా కారు సిస్టమ్‌లో ఉంటే దయచేసి తొలగించండి. అవి మరొకరి సొంత విషయాలు.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. 64 జీబీవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో (ఫార్మాట్ అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) వస్తాయి, పాత సిస్టమ్‌లు చాలావరకు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌నే చదువుతాయి. 32 జీబీ లేదా అంతకంటే చిన్నదాన్ని తీసుకుని, అందులో ఉన్నవి వేరేచోట భద్రపరిచాక కంప్యూటర్‌లో ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఎంపీ3 పాటలు వేయండి. ఫ్లాక్ (మరో రకం ఆడియో) ఫైళ్లను పాత సిస్టమ్‌లు తరచూ పలికించలేవు. మీరు కోరిన వరుసలో రావాలంటే ఫైల్ పేర్లకు ముందు 01, 02 అని అంకెలు చేర్చండి, చాలా సిస్టమ్‌లు పేర్ల వరుసనే అనుసరిస్తాయి.

ఇవన్నీ బండి ఆపి ఉన్నప్పుడే చేసుకోండి.

ఫోన్‌లోని యాప్‌లను కారు తెరపై చూపే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే వంటివి కావాలనుకుంటే మాత్రం కొత్త సిస్టమ్ ఆలోచించవచ్చు. అయితే కారు వైర్లు కోయకుండా సరిపోయే కప్లర్‌తోనే (వైర్లను కలిపే ప్లగ్) బిగిస్తారా, స్టీరింగ్ మీది బటన్లు, రివర్స్ కెమెరా ఉంటే అవీ మునుపటిలాగే పనిచేస్తాయా అన్నది బయానా ఇవ్వకముందే దుకాణదారుతో రాయించుకోండి.