నల్గొండ నీడలో నీలి ఆకుల హోస్టా

వేపచెట్టు నీడలో నాటిన పెద్ద హోస్టా (ఆకుల అందం కోసం పెంచే నీడ మొక్క) రెండో ఏడాదికే చిన్నబోయిందని, నీలం పోయి ఆకు అంచులు మాడుతున్నాయని రాశారు. మీ పెంపకంలో లోపం లేదండీ.

ఆ నీలం ఆకు మీది మైనపు పొర వల్ల వచ్చేది. ఒక ఆకును వేలితో మెల్లగా రుద్ది చూడండి, కింద మామూలు ఆకుపచ్చ బయటపడుతుంది. వేడికి ఆ పొర కరుగుతుంది, పైనుంచి నీళ్లు చల్లినా పోతుంది. నీళ్లు ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లయితే అంచులు ఇంకా మాడతాయి, వాన నీళ్లు పట్టి పెట్టుకోవడం మేలు.

అసలు చిక్కు మన చలికాలంతోనే. జపాన్, కొరియా, చైనాల నుంచి వచ్చిన ఈ మొక్కకు ఏటా కొన్ని వారాలు 5 డిగ్రీల చుట్టుపక్కల చలి కావాలి. అప్పుడే దుంప విశ్రాంతి తీసుకుని బలంగా చిగురిస్తుంది. మనకు డిసెంబరు రాత్రి చల్లగా ఉన్నా పగలు వేడెక్కిపోతుంది. మే నెల వడగాలిని చెట్టునీడ ఆపలేదు.

వదులుకోలేకపోతే డిసెంబరులో దుంప తవ్వి, కొద్దిగా తడిపిన కొబ్బరిపొట్టులో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఎనిమిది వారాలు ఉంచండి. పండ్లకు దూరంగా పెట్టాలి. తరువాత కుండీలో నాటండి. అయినా ఫొటోల్లో కనిపించేంత పెద్ద ఆకులు ఆశించవద్దు. నేనైతే ఆ చోట అలొకేసియా (చేమ జాతికి చెందిన పెద్ద ఆకుల మొక్క) నాటి, చుట్టూ ఎండుటాకులు మందంగా పరుస్తాను.