వాడు వింటున్నాడు, అది మరిచిపోకు

అమ్మలూ,

పెళ్లిలో జరిగింది మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఏ జన్మలో చేసిన పాపమో, ఇలాంటి పిల్లాడు పుట్టాడు" అందట ఒకావిడ, మీ బాబు పక్కనే కూర్చుని బూంది తింటుండగా. నువ్వు ఏమనాలో తోచక వాణ్ణి ఎత్తుకుని వచ్చేశావట. మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ఇన్నేళ్లు పనిచేశాను, తల్లులు పడే ఇలాంటి మాటలు చాలా విన్నాను. అందుకే రాస్తున్నాను.

నువ్విచ్చే జవాబు ఆవిడ కోసం కాదు, వాడి కోసం. వాడిలా పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మాట్లాడడం ఆలస్యమవుతుంది గానీ, సాధారణంగా మాట్లాడగలిగేదానికన్నా ఎక్కువే అర్థమవుతుంది. తన గురించే ఏదో అన్నారని, అమ్మ మొహం మారిందని వాడికి తెలుస్తుంది. నువ్వు తలొంచుకుంటే తనలోనే ఏదో తప్పుందనుకుంటాడు, కేకలేస్తే బెదిరిపోతాడు. కాబట్టి గొంతు పెంచకుండా, వాడి భుజం మీద చెయ్యేసి, "పిన్నిగారూ, వాడు వింటున్నాడు. అలా అనకండి" అను. అంతే, వివరణలు వద్దు. వెంటనే వాడి వైపు తిరిగి "ఇంకాస్త బూంది పెట్టనా నాన్నా?" అని అడుగు. తింటున్నవాణ్ణి అక్కణ్ణుంచి లేపకు. తప్పు మాట అన్నది ఆవిడైతే విస్తరి ముందు నుంచి వాడెందుకు లేవాలి? ఆ రెండు ముక్కలూ ఇంట్లోనే పదిసార్లు పైకి అనుకుని ఉంచుకో. మనసు మండుతున్నప్పుడు వెతుక్కుంటే మాటలు దొరకవు.

"గ్రహణం నాడు బయటికొచ్చావా?" అని అడిగే పెద్దవాళ్ల మీద కోపం తెచ్చుకోకు. "కాదు మామ్మగారూ, 21వ క్రోమోజోము రెండుండాల్సిన చోట మూడున్నాయి. ఎవరి తప్పూ లేదు" అని చెప్పు. క్రోమోజోము సంగతి అర్థం కాకపోయినా చివరి మాట అర్థమవుతుంది. ఆ మాట మీ అత్తగారు కూడా ఉన్నప్పుడు అంటే మరీ మంచిది. మీ ఆయన వైపు వాళ్లెవరైనా నోరు జారితే మాత్రం జవాబు ఆయనే చెప్పాలి. అదీ నీ నెత్తినే వేసుకోకు.

చిన్నపిల్లలు "వీడెందుకిలా ఉన్నాడు?" అంటే వాళ్ల అమ్మలు కంగారుగా నోరు మూయిస్తారు. మూయించనివ్వకు. "వీడికి మాటలు నెమ్మదిగా వస్తాయి. బంతాట ఇష్టం, ఆడతావా?" అను.

స్కూల్లో టీచరే "మెంటల్" అంటే దారి వేరు. ఏ రోజు, ఏ మాట, ఎవరెదురుగా అన్నారో ఆ రాత్రే రాసిపెట్టి, హెడ్‌మాస్టరుకు కాగితం మీద ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకో. నలుగురిలో కావాలని వికలాంగులను అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. ప్రతిదానికీ కేసు పెట్టమనడం లేదు. చట్టం మన వైపుందని తెలిస్తే మాట్లాడేటప్పుడు గొంతు వణకదు.

నీతో ఇంకొక మనిషి ఉండేలా చూసుకో. 2022 మేలో రాంచీ విమానాశ్రయంలో వైకల్యం ఉన్న ఒక పిల్లాణ్ణి విమానం ఎక్కనివ్వనప్పుడు తోటి ప్రయాణికులు, అందులో కొందరు డాక్టర్లు, ఆ కుటుంబం పక్షాన మాట్లాడారు. తరవాత ఆ విమాన సంస్థకు, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. పక్కవాళ్లు నోరు విప్పితే తల్లికి ఎంత బలమో!

ఒక్కోరోజు జవాబు చెప్పే ఓపిక ఉండదు. ఆ రోజు వదిలెయ్, దానికి బాధపడకు.

వచ్చే నెల మా గృహప్రవేశానికి వాణ్ణి ఇంట్లో వదిలేసి వస్తే ఊరుకోను. బంతిలో వాడి పక్కన మీ పెదనాన్న కూర్చుంటారు, ఆయనకు అన్నీ చెప్పే ఉంచాను. ముందురోజు రాత్రికే వచ్చేయండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ