పంచదార విషయంలో జాగ్రత్త, అమ్మడూ

అమ్మడూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఒక్కదానివే జర్మనీలో దిగి, ఇటలీ, స్వీడన్, బ్రిటన్ చూసుకుని, అట్నుంచి కెనడా, జపాన్ కూడా వెళ్తావట. హోటళ్లలో తినకుండా ఎక్కడికక్కడ గది తీసుకుని వండుకుంటావట. చెప్తుంటే అక్క గొంతు వణికింది. నేనేదో ధైర్యం చెప్పాననుకో, కానీ నాకూ టెన్షన్‌గానే ఉంది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఇంట్లో అందరికీ వినపడేలా "నా మేనకోడలు" అని రెండుసార్లు అన్నాను.

వీసా, ఇన్సూరెన్స్, సిమ్ కార్డు నీకు నాకంటే బాగా తెలుసు. నేను రాసేది దుకాణంలో సరుకుల గురించి. నవ్వకు. ముప్ఫై ఏళ్లు మెషీన్లు బిగించడానికి దేశాలు తిరిగినవాణ్ణి. పనిలో పడిన ఇబ్బందులు చాలావరకు మర్చిపోయాను, సరుకుల దగ్గర పడ్డ తిప్పలు ఒక్కటీ మర్చిపోలేదు.

సంచి నువ్వే తీసుకెళ్లు. ట్రాలీ గొలుసు విడిపించడానికి ఒక నాణెం జేబులో ఉంచుకో. జర్మనీలో కౌంటర్ దగ్గర మనిషి చాలా వేగంగా వస్తువులు తోసేస్తుంది, కంగారుపడకు. 1,5 అని రాసి ఉంటే ఒకటిన్నర అని అర్థం, అక్కడ చుక్కకు బదులు కామా పెడతారు. మామూలు నీళ్లు కావాలంటే సీసా మీద 'స్టిల్' అని ఉందో లేదో చూడు. లేకపోతే బుస్సుమని పొంగే నీళ్లతో పళ్లు తోముకోవాల్సి వస్తుంది, నేను తోముకున్నాను.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలియదు.

1998 ఏప్రిల్ 9, గురువారం. జర్మనీలో ఒక చిన్న ఊళ్లో దిగాను. అప్పట్లో అక్కడ దుకాణాలు మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిదికీ, శనివారం నాలుగింటికీ మూసేసేవారు. ఆదివారం అసలు తెరిచేవారే కాదు. ఇవేవీ నాకు తెలియవు. గదిలో సామాను పడేసి ఎనిమిదికి ఇరవై నిమిషాల ముందు దుకాణంలో పడ్డాను. బ్రెడ్డు తీసుకున్నాను. పాలు ఫ్రిజ్‌లో కాకుండా మామూలు అరలో అట్టపెట్టెల్లో పేర్చి ఉన్నాయి. ఇదేం పద్ధతి, పాలు ఇలా బయట పెడతారా అని అప్పుడే అనుమానం వచ్చింది. అయినా రెండు లీటర్లు తీసుకున్నాను. పంచదారని జర్మన్‌లో 'జుకర్' అంటారని విమానంలో నేర్చుకున్నాను. ఆ మాట కనపడిన ప్యాకెట్ ఒకటి తీసుకున్నాను. దాని మీద స్ట్రాబెర్రీ పండ్ల బొమ్మ ఉంది. ముచ్చటగా వేశారే అనుకున్నాను తప్ప, పంచదార ప్యాకెట్ మీద పండుకేం పని అని ఆలోచించలేదు. అప్పటికే లైట్లు ఆర్పేస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే గిన్నెలో పాలు పోసి, వెంట తెచ్చుకున్న కాఫీ పొడి, నాలుగు చెంచాల పంచదార అన్నీ కలిపేసి పొయ్యి మీద పెట్టాను. విరిగిపోయాయి. చెప్పానా, బయట పెట్టిన పాలు ఇంతే అనుకుని పారబోశాను. రెండో పెట్టె విప్పాను. మళ్లీ అదే వరస. అడుగున ముద్దముద్దగా ఏదో. అవీ పారబోశాను. దుకాణంవాణ్ణి కడిగేద్దామని చొక్కా తొడుక్కుని, ఖాళీ పెట్టెలు రెండూ చంకలో పెట్టుకుని బయల్దేరాను. వీధిలో ఒక్క మనిషి లేడు. దుకాణానికి తాళం. ఆరోజు గుడ్ ఫ్రైడే!

సోమవారం కూడా సెలవేనని పనిచోట చెప్పారు. అదీ ఇదీ కలిపి, నాలుగు రోజులూ అన్నీ మూసే ఉంటాయని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. శుక్రవారమంతా ఎండిన బ్రెడ్డు, నీళ్లు. శనివారం మధ్యాహ్నం దాకా పడుకున్నాను. ఆ శనివారం దుకాణం తెరిచే ఉంది అమ్మడూ, నాలుగింటిదాకా! నేను కిటికీలోంచి తల బయట పెట్టి ఉన్నా సంచులతో పోయేవాళ్లు కనపడేవారు.

సాయంత్రం అయిదింటికి మెట్ల మీద పక్కింటి ముసలావిడ ఎదురైంది. నా మొహం చూసి ఏమైందని అడిగినట్టుంది. నాకొచ్చిన మాటలు రెండే. "మిల్ష్ కపుట్" అన్నాను, పాలు పాడైపోయాయని. ఆవిడ లోపలికి వచ్చింది. పెట్టె మీద తేదీ చూసి అడ్డంగా తలూపింది. తర్వాత బల్ల మీదున్న పంచదార ప్యాకెట్ చూసింది. గోడకి ఆనుకుని, కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వు నవ్వింది.

అది 'గెలీర్ జుకర్'. జామ్ చేసుకోవడానికి వాడే పంచదార. పండు రసం గడ్డకట్టడానికి అందులో పెక్టిన్, సిట్రిక్ ఆమ్లం ముందే కలిపి అమ్ముతారు. మరిగే పాలలో నిమ్మకాయ పిండినట్టే అన్నమాట. పాలదేం తప్పు లేదు. అట్టపెట్టె మీద పెద్దగా హెచ్ అక్షరం ఉంటుంది, హాల్ట్‌బార్ అని, నిలవ ఉండేవని అర్థం. సుమారు 135 డిగ్రీలకు కొన్ని సెకన్లు వేడి చేసి నింపుతారు కాబట్టి మూత తీయనంతకాలం బయటే నెలల తరబడి ఉంటాయి. తీశాక మాత్రం ఫ్రిజ్‌లోనే పెట్టాలి. తప్పు చేసింది పంచదార, నేను శిక్షించింది పాలని.

ఆవిడ ఒక గిన్నెడు మంచి పంచదార, ఒక పెట్టె పాలు, నాలుగు గుడ్లు తెచ్చిచ్చింది. తను చేసిన జామ్ సీసా కూడా ఒకటి. రెండు రోజులు గోడ అవతల ఆవిడ రేడియో వినపడుతూనే ఉంది. నేను తలుపు తట్టలేదు. భాష రాదని సిగ్గు, అడుక్కున్నట్టుంటుందని అభిమానం. నీకూ మన ఇంటి అభిమానమే వచ్చింది, చిన్నప్పుడు జ్వరమొస్తే కూడా చెప్పేదానివి కాదు. అక్కడ ఆ వేషాలు వేశావంటే ఊరుకోను. ఆకలేస్తే ఎవరి తలుపైనా తట్టు తల్లీ. వచ్చిన రెండు మాటలే చెప్పు, చాలు.

జర్మన్‌లో మాటలు అతికించి రాస్తారు. చివర ఉండేది వస్తువు పేరు, మెలిక అంతా ముందు ముక్కలో ఉంటుంది. జుకర్ దగ్గరే ఆగిపోకు, ముందు ముక్క కూడా చదువు. నీ ఫోన్ ఫొటో తీస్తే అనువాదం చెప్తుందట. చెప్తే మంచిదే, అయినా పండు బొమ్మ ఉంటే కొనకు.

గుడ్లు కూడా ఫ్రిజ్ బయటే కనపడతాయి, భయపడకు. యూరప్‌లో అమ్మకానికి పెట్టే గుడ్లని మామూలుగా కడగరు, పెంకు మీద సహజంగా ఉండే పొర కాపాడుతుంది. అమెరికాలో కడిగి అమ్ముతారు, అందుకని చల్లగానే ఉంచాలి. యూరప్ గుడ్డు మీద ఎర్రగా ఒక నంబరు ముద్ర కూడా ఉంటుంది. మొదటి అంకె కోడిని ఎలా పెంచారో చెప్తుంది. సున్నా అయితే సేంద్రియం, మూడు అయితే బోను. తర్వాతి రెండు అక్షరాలు దేశం పేరు. మనకు పాస్‌పోర్టు ఉన్నట్టే దానికీ ఒకటి.

ఇటలీలో పండ్లు వట్టి చేత్తో ముట్టుకోకు. పక్కనే పల్చటి ప్లాస్టిక్ గ్లవ్స్ ఉంటాయి, తొడుక్కుని తీసుకోవాలి. చాలాచోట్ల తూకం కూడా మనమే వేసి చీటీ అంటించుకోవాలి. అది మర్చిపోయి కౌంటర్ దాకా వెళ్లాను ఒకసారి. వెనక వరసలో ఉన్నవాళ్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ వీపుకి గుచ్చుకుంటుంది.

స్వీడన్‌లో చేప గుడ్ల పేస్టు ట్యూబుల్లో అమ్ముతారు. అద్దం ముందు నిద్రకళ్లతో ట్యూబు విప్పే అలవాటు నీకుంది కాబట్టి చెప్తున్నాను. బ్రిటన్‌లో చిప్స్ అడిగితే వేడివేడి ఆలూ ముక్కలు పెడతారు. ప్యాకెట్‌లో వచ్చేవాటిని క్రిస్ప్స్ అనాలి. లేస్ ప్యాకెట్ లాంటిదే కనపడుతుంది, పేరు మాత్రం వాకర్స్ అని ఉంటుంది. నకిలీ అనుకోకు, కంపెనీ ఒకటే.

కెనడాలో ఆంటారియో, క్యుబెక్ వైపు వెళ్తే పాలు సంచుల్లో ఉంటాయి. నాలుగు లీటర్లు మూడు సంచులుగా కలిపి అమ్ముతారు. సంచిని జగ్గులో నిలబెట్టి మూల కత్తిరించి పోసుకోవాలి. జగ్గు లేకుండా కత్తిరిస్తే ఏమవుతుందో నన్ను అడక్కు. అక్కడ అర మీద రాసిన ధర వేరు, చాలా వస్తువులకు పన్ను బిల్లులో కలుస్తుంది. చిల్లర లెక్కపెట్టుకుని వెళ్లావంటే చాలదు.

జపాన్‌లో ప్యాకెట్ మీద తేదీ సంవత్సరంతో మొదలవుతుంది, తర్వాత నెల, తర్వాత రోజు. యూరప్‌లో రోజు ముందు. ఎక్కడున్నావో గుర్తుపెట్టుకుని చదువు. ఉప్పు, పంచదార రెండూ తెల్లగానే ఉంటాయి, అక్షరాలు బొమ్మల్లా ఉంటాయి. అక్కడ మాత్రం కొనేముందు ఎవరినైనా అడుగు. ఎవరూ కనపడకపోతే కాఫీ చప్పగా తాగు, ఏం కాదు.

ఇంకో మాట. నీ విమానం శనివారం రాత్రి పొద్దుపోయాక దిగుతుందని అక్క చెప్పింది. ఆ రోజుల్లా కాదు, ఇప్పుడు శనివారం రాత్రి దాకా తెరిచి ఉంచే దుకాణాలు చాలా ఉన్నాయి. కానీ నువ్వు గది చేరేసరికి అవీ మూసేస్తారు, తెల్లారితే ఆదివారం. టికెట్ ఒక్క రోజు ముందుకు జరుగుతుందేమో చూడు. జరగకపోతే పెద్ద రైల్వే స్టేషన్లలో దుకాణాలు ఆదివారం కూడా ఉంటాయి, ముందు అటు వెళ్లు. బ్రెడ్డు, గుడ్లు, హెచ్ అక్షరం ఉన్న పాలు తీసుకో.

పంచదార కొనకు. అరకిలో డబ్బాలో పోసి మీ అమ్మకిచ్చి పంపుతున్నాను, బరువని తీసి పక్కన పెట్టకు.

మీ మావయ్య