మెడనరం లేని టీవీ

సందేహం: అయ్యా, టీవీ, గేమింగ్ బాక్స్, మ్యూజిక్ సిస్టమ్ లాంటివాటిని నెట్‌వర్క్ కేబుల్ లాగకుండా ఇంటర్నెట్‌కు కలపడం ఎలాగో తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. ‘నిస్తంత్రి అనుసంధానం’ అని పేరు పెడితే మా అబ్బాయి పకపకా నవ్వాడు. నిస్తంత్రి, తంతిరహితం, తీగలేని, వైర్‌లెస్ – వీటిలో ఏది సాధువు? ‘టీవీకి వైఫై పెట్టించాం’ అని రాయవచ్చా?

సమాధానం: మీ అబ్బాయి మాట కొత్తగా ఉందని నవ్వి ఉంటాడు. నాకూ నవ్వొచ్చింది, అయితే నా కారణం వేరు.

తంత్రి అంటే వీణ తీగ. సంస్కృతంలో ఈకారాంత స్త్రీలింగం. బహువ్రీహిలో, అంటే ‘అది కలది’ అని చెప్పే సమాసంలో, ఇలాంటి పదం చివర నిలిస్తే ‘క’ చేరాలి. చాలా తీగలున్న వీణను వ్యాఖ్యాతలు ‘బహుతంత్రీకా వీణా’ అన్నది అందుకే. అయితే నాడి, తంత్రి అనే రెండు మాటల కోసమే పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రం చేశాడు: ‘నాడీతంత్ర్యోః స్వాంగే’. అవి ఒంట్లోవైతే ‘క’ రాదు. నరాలు తేలిన మెడను చెప్పేటప్పుడు ‘బహుతంత్రీః’ అనే అనాలి, ‘క’ పెట్టకూడదు. తంత్రి వీణదా మెడదా అన్నది మాట రూపంలోనే తెలిసిపోవాలని ఆయన పట్టుదల. ఆ లెక్కన మీ యంత్రం ‘నిస్తంత్రీకం’ కావాలి. ‘నిస్తంత్రి టీవీ’ అంటే మెడనరం లేని టీవీ! ఇప్పుడు గోడకు అతుక్కుపోయే టీవీలకు మెడే లేదు కనుక అదీ కొంత నప్పుతుందేమో.

తత్సమమై తెలుగులోకి వచ్చాక ఇంత పట్టింపు దేనికని మీరు అడగవచ్చు. న్యాయమే. నిస్తంత్రి తప్పని నేను తీర్పు చెప్పడం లేదు. చాలాకాలంగా పారిభాషిక పదంగా చెలామణిలో ఉంది, ఉండనివ్వండి.

‘తంతి’ సంగతి వేరు. అది తంత్రికి మన నోట అరిగిన రూపం. వీణకూ తంతే, టెలిగ్రామ్‌కూ తంతే. తంతి తపాలా శాఖ అన్నప్పుడు ఆ మాటలో తీగ ఉందని ఎవరికీ తట్టేది కాదు, కబురే తట్టేది. ‘తంతి వచ్చింది’ అంటే చదవకముందే ఇంట్లో గుండెలు దడదడలాడేవి. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయాక ఆ అర్థం నిఘంటువులకే మిగిలింది. అందుకే ‘తంతిరహితం’ అంటే నా ఈడువాళ్లకు టెలిగ్రామ్ రాని ఇల్లు గుర్తొస్తుంది.

ఇంతకీ ఈ తంతి ఎక్కడిది? ‘తన్’ అనే ధాతువుకు సాగదీయడం, పరచడం అని అర్థం. సాగదీసినది తంతువు, అంటే దారం. మగ్గం మీద బిగించిన పడుగు తంత్రం. ఆ పడుగు క్రమం నుంచే ఏ పద్ధతికైనా తంత్రం అనే పేరు వచ్చింది. తన పద్ధతి తనదైనవాడు స్వతంత్రుడు, ఇంకొకరి మగ్గం మీద నడిచేవాడు పరతంత్రుడు. తెగకుండా సాగే వరస సంతతి, సంతానం. పైన పరిచింది వితానం. పాటలో సాగదీసింది తానం. సాగదీస్తే సన్నబడుతుంది కాబట్టి సన్ననిది ‘తను’, సన్నగా ఉన్నావిడ ‘తన్వి’. లాటిన్‌లో సాగదీయడానికి ‘తెందెరె’ అనే క్రియ ఉంది. దానికీ మన ‘తన్’కూ పుట్టిల్లు ఒకటే అంటారు భాషాశాస్త్రజ్ఞులు. ఆ తెందెరె మనవరాలే మన ఇంటింటా తిరుగుతున్న ‘టెన్షన్’. తెర మీద గుండ్రని గుర్తు తిరుగుతూ సినిమా ఆగిపోయినప్పుడు వచ్చే టెన్షన్‌కూ, మీరు వద్దనుకుంటున్న తంతికీ చుట్టరికం ఉందన్నమాట.

తెలుగు ‘తీగ’ ఇంకా గడుసుది. తీగె, తీవ, తీవె అన్న రూపాలూ దానివే. ముందు అది పాకే మొక్క. లోహాన్ని సన్నగా లాగడం నేర్చాక అదీ తీగే అయింది. సంస్కృతం తన్వి అన్నదాన్నే మనవాళ్లు తీగబోడి అన్నారు. రెండు భాషలూ విడివిడిగా బయల్దేరి ఒకే నడుము దగ్గర కలుసుకున్నాయి! ఇక మెరుపుతీగ సంగతి చూడండి. అందులో లోహం లేదు, పాకే కాండమూ లేదు. ఆకాశంలో సన్నగా, వంకరగా సాగిన ఆకారాన్ని చూసి తీగ అన్నారు. రేడియో తొలినాళ్లలో తరంగాలను పుట్టించింది కూడా మెరుపుకు తమ్ముడి లాంటి నిప్పురవ్వే. కాబట్టి తీగ లేని తీగ అనే ఊహ తెలుగుకు కొత్తేమీ కాదు.

ఇక మీ పుస్తకం విషయం. మీరు వదిలించుకుంటున్నది ఏ తీగనో ముందు తేల్చుకోండి. మా ఇంట్లో పాత డిస్క్ ప్లేయర్ ఒకటుంది. దాని వెనక కేబుల్ పెట్టే రంధ్రమే తప్ప వైఫై లేదు. మా మేనల్లుడు అగ్గిపెట్టెకు అన్న లాంటి చిన్న డబ్బా తెచ్చి దాని పక్కన పెట్టాడు. ఇంట్లో ఇంటర్నెట్‌ను పంచే పెట్టె రౌటర్. దాని నుంచి వైఫైని ఆ డబ్బా గాలిలో అందుకుంటుంది. అందుకున్నదాన్ని జానెడు కేబుల్‌తో ప్లేయర్‌కు ఇస్తుంది. ‘ఇదిగో మామయ్యా, వైర్‌లెస్!’ అన్నాడు వాడు, ఆ కేబుల్ బిగిస్తూనే. డబ్బాకు కరెంటు ఇవ్వడానికి ఇంకో తీగ. టీవీ వెనక్కి వంగి చూస్తే తీగ లాగితే డొంకంతా కదిలేటట్టుంది.

ఇంకో పద్ధతీ ఉంది. రెండు అడాప్టర్లు తీసుకుని ఒకటి రౌటర్ దగ్గర, ఒకటి టీవీ దగ్గర గోడ సాకెట్లలో పెడతారు. గోడలో ఉన్న కరెంటు తీగ మీదే ఇంటర్నెట్ నడుస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే వేగం పడిపోతుంది, నేరుగా గోడకే పెట్టాలి. ఇక్కడ కొత్తగా కేబుల్ లాగిందేమీ లేదు, అయినా అడుగడుగునా తీగే. దీన్ని కూడా నిస్తంత్రి అధ్యాయంలో కలిపేశారా? కలిపితే ఆ పేజీ వరకు మీ శీర్షిక అబద్ధం. ‘కొత్త కేబుల్ లేకుండా’ అంటే వైఫై, ఈ కరెంటు తీగ పద్ధతి రెండూ అందులో పడతాయి.

పేర్ల విషయంలో ఇంగ్లీషువాళ్లదీ తిరకాసే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ నడిచింది. అది చూసి 1973లో జెరాక్స్ సంస్థ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ కంప్యూటర్లను కేబుల్‌తో కలిపే పద్ధతి ఆలోచించాడు. దానికి పెట్టిన పేరు ఈథర్‌నెట్. ఈథర్ అంటే వెలుతురును మోసుకుపోతుందని పాతకాలపు శాస్త్రజ్ఞులు నమ్మిన ఆకాశ పదార్థం. గ్రీకులో దాని మూలానికి మండడం అని అర్థం, మన సమిధ, ఇంధనం దానికి దాయాదులే. వింత చూశారా! కేబుల్‌కేమో ఆకాశం పేరు, ఆకాశంలో నడిచేదానికేమో తీగ లేదన్న పేరు. ఇక వైఫై. ‘వైర్‌లెస్ ఫిడెలిటీ’కి పొట్టి రూపమని చదువుకున్నవాళ్లే చెబుతుంటారు. 1999లో పేర్లు పెట్టే ఒక కంపెనీ, నాణ్యమైన ధ్వనిని చెప్పే ‘హైఫై’కి ప్రాసగా పుట్టించిన మాట అది. ఆ విస్తరణను తరవాత తగిలించారు. మాటకు అర్థం లేకపోవడమే మనకు మేలైంది. అనువదించాల్సిన పని లేదు!

ఒక టీవీ తెర మీద ‘మీ పరికరము నిస్తంత్రి జాలకమునకు అనుసంధానింపబడి యున్నదని నిర్ధారించుకొనుము’ అని చదివాను. ఇది తెలుగు లిపిలో ఉందన్న మాటే గానీ తెలుగెక్కడుంది? ‘టీవీ వైఫైకి కలిసిందో లేదో చూడండి’ అంటే ఏం పోయింది? ‘బడు’ను ఇలా బాదకండి. అలాగని అవతలి కొసకూ పోవద్దు. ‘వైఫై అయిపోయింది’ అంటారు మనవాళ్లు, నూనె అయిపోయినట్టు. అయిపోయింది డేటా. ‘వైఫై ఉంది గానీ నెట్ లేదు’ అన్నవాణ్ని మాత్రం మెచ్చుకుంటాను, తేడా తెలిసినవాడు. టీవీకీ రౌటర్‌కూ మధ్య నడిచేది వైఫై. రౌటర్ అవతల నుంచి రావలసింది ఇంటర్నెట్. మొదటిది బాగున్నా రెండోది చచ్చి ఉండవచ్చు. మీ పుస్తకంలో ఈ రెండింటినీ ఒక మాటతో కానిచ్చేస్తే పాఠకుడు టీవీని ఆపి, మళ్లీ పెట్టి, చివరికి మిమ్మల్ని తిడతాడు.

‘టీవీకి వైఫై పెట్టించాం’ – వైఫై లేని పాత టీవీకి వెనక వైఫై అందుకునే చిన్న ముక్క, డాంగిల్, తగిలించి ఉంటే ఇది సరైన వాక్యమే. వైఫై ఉన్న టీవీలో పాస్‌వర్డ్ కొట్టి ఊరుకుంటే మాత్రం ‘టీవీని వైఫైకి కలిపాం’ అనాలి. సకర్మకంగా కలపడం, అకర్మకంగా కలవడం, రెండూ మనకున్నాయి. ‘కనెక్ట్ చేయడం’ వాడినా నేను కోప్పడను. ‘అనుసంధానించు’ని మాత్రం పెద్ద సభల కోసం దాచుకోండి.

వైర్‌లెస్ అంటే ఇప్పటికీ చాలామందికి పోలీసుల చేతిలో గరగరలాడే సెట్టే. ‘తీగలేని’ ముచ్చటైన మాటే గానీ ‘తీగలేని టీవీ’ అంటే కరెంటు కూడా అక్కర్లేదనుకునే అమాయకులుంటారు. ‘కేబుల్ లేని టీవీ’ అన్నా చిక్కే, ఛానెళ్లు రాని టీవీ అనుకుంటారు. అందుకని శీర్షికలో ‘నెట్‌వర్క్ కేబుల్ లేకుండా ఇంటర్నెట్’ అనండి. లోపల వైఫైని వైఫై అనే అనండి. నిస్తంత్రిని ముందుమాటలో ఒకసారి, మీ సరదా కోసం వాడుకోండి. ‘క’ పెట్టాలా వద్దా అని ఇంకెవరైనా తగాదాకు వస్తే నా దగ్గరికి పంపండి.