పొలంలో వేసే ఎరువుకూ తినే అన్నంలో బలానికీ సంబంధం ఉందా?

ఉంది, చాలా ఉంది. ‘ఏ ఎరువు వేస్తే ఏం, బియ్యం బియ్యమే కదా’ అని ఒకరు అడిగారు. మా కయ్యలో జరిగింది చెప్తాను.

మాది పుత్తూరు పక్కన పల్లె. బోరు కింద రెండెకరాల వరి. ఐదేళ్ల కిందట, నాటిన మూడు వారాలకే పైరు అక్కడక్కడా గిడసబారింది. ముదురాకుల్లో నడిమి ఈనెకు అటూ ఇటూ తుప్పు రంగు మచ్చలు. ఎరువుల అంగట్లో తెగులన్నారు. మందిచ్చి, పైగా ఇంకో మూట డీఏపీ, అంటే భాస్వరం ఎక్కువుండే ఎరువు, అంటగట్టారు. రెండూ వేశాం, పైరు కోలుకోలేదు. ఒకరోజు మా మామ గట్టు మీద కూర్చుని ఒక ఆకు తుంచి వంచాడు. టప్‌మని విరిగింది. ‘‘తెగులు కాదురా అబ్బోడా, జింకు లేదు దీనికి’’ అన్నాడు. జింకంటే పైరుకూ మనిషికీ కొద్దికొద్దిగా కావాల్సిన పోషకం. లీటరు నీళ్లకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజులకోసారి మూడుసార్లు కొట్టాం. కొత్తాకు పచ్చగా వచ్చింది.

భాస్వరం మితిమీరితే జింకు పైరుకు సరిగా అందదు. ఎప్పుడూ నీళ్లు నిలిచే మడిలో అయితే ఉన్న జింకు కూడా అందకుండా పోతుంది. మేమేమో ప్రతి పంటకూ డీఏపీ కుమ్మరించాం. నేలలో జింకు 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.6 పాలు) కంటే తక్కువైతే లోపమే. మట్టి పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డులో మా నేల జింకు అంకె ఉంది, కానీ కార్డు చేతికిచ్చినప్పుడు దాని అర్థం చెప్పినవాళ్లు లేరు. నాకు ఇప్పటికీ కోపం అక్కడే.

మా అవ్వ కాలంలో నాట్లకు ముందు దమ్ములో (బురద దుక్కిలో) కానుగాకు తొక్కేవాళ్లు, ఎండాకాలం చెరువు మట్టి తోలేవాళ్లు. ఆ నేలలో పండిన రాగుల సంగటి తిని ఆమె ఎనభై దాటినా కలుపు తీసింది. ఆ బలం ఆ మట్టిదేనని నా నమ్మకం.

గింజలోకి జింకు ఎక్కాలంటే పూత తర్వాత, పాలు పోసుకునేటప్పుడు పిచికారీ చేయడం మేలు. విత్తనం కూడా ముఖ్యమే. హైదరాబాద్‌ వరి పరిశోధన సంస్థ తెచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 45లో పాలిష్ పట్టాక కూడా 22 పీపీఎం పైన జింకు ఉంటుంది. మా అంగట్లో అడిగితే ఆ పేరే వినలేదన్నారు. ఇంత కష్టపడి పండించినా, మల్లెపూవులా తెల్లగా ఉండాలని మిల్లులో తవుడంతా తీయించేస్తాం. గింజలోని ఇనుము చాలావరకు పోయేది ఆ తవుడుతోనే. ఇంటికి వాడే వడ్లు మాత్రం నేనిప్పుడు ఒక్క పట్టు పాలిష్‌తో ఆపమంటున్నాను.