కోసు, ఆమడ, కూతవేటు

సందేహం: జూల్ వెర్న్ నవల ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’ని మా మిత్రబృందం ఇంగ్లీషులో రెండు వేర్వేరు అనువాదాల్లో చదివింది. పాత అనువాదమే హాయిగా పరుగెడుతుందని కొందరు, అది మూలానికి అన్యాయం చేసిందని కొందరు అన్నారు. నవల పేరును తెలుగులో చెప్పబోతే మరో తగవు వచ్చింది. నేను ‘సముద్రం కింద ఇరవై వేల ఆమడలు’ అన్నాను. ‘లీగులు’ అనే ఉంచాలని ఒకరు, ‘కోసులు’ అనాలని మరొకరు పట్టుబట్టారు. ఏది సాధువు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: ‘ఆమడ’ వంటి చక్కని మాట ఇంకా మీ నాలుక మీద ఉన్నందుకు ముందుగా సంతోషం. అయితే కొలమానాన్ని తెలుగు చేసేటప్పుడు మాట ఇంపుగా ఉంటే చాలదు, కొలత కూడా నిలవాలి. కాబట్టి మొదట లెక్క చూద్దాం.

1869, 1870 సంవత్సరాలలో ధారావాహికగా వెలువడిన ఈ నవలలో వెర్న్ వాడినది నాలుగు కిలోమీటర్ల ఫ్రెంచి లీగు. ఇంగ్లీషువారి లీగు మూడు మైళ్లు, అది వేరు. ఇరవై వేల ఫ్రెంచి లీగులంటే ఎనభై వేల కిలోమీటర్లు, అనగా భూగోళాన్ని రెండుమార్లు చుట్టినంత దూరం. ఇది నవలలోని జలాంతర్గామి నాటిలస్ నౌక నీటిలో ప్రయాణించిన దూరమే గాని దిగిన లోతు కాదు. లోతే అయితే ఆ నౌక భూమిని ఈ దరి నుంచి ఆ దరికి ఆరుసార్లు తొలుచుకుపోవాలి.

ఇక మన కొలతలు. భాస్కరాచార్యుడు తన గణితగ్రంథం లీలావతిలో ఇచ్చిన లెక్క ప్రకారం నాలుగు మూరలు ఒక దండం, రెండు వేల దండాలు ఒక క్రోశం, నాలుగు క్రోశాలు ఒక యోజనం. యోజనమే మన ఆమడ, క్రోశమే మన కోసు. మూరను పద్దెనిమిది అంగుళాలుగా తీసుకుంటే క్రోశం సుమారు 3.66 కిలోమీటర్లవుతుంది. ఆమడ పద్నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. మీ ‘ఇరవై వేల ఆమడలు’ రెండు లక్షల తొంభై వేల కిలోమీటర్ల పైమాటే, చంద్రుడి దారిలో ముప్పాతిక వంతు. కోసైతే ఫ్రెంచి లీగుకు పదో వంతు కూడా తేడా లేకుండా సరిపోతుంది. ఎక్కడో ఫ్రాన్సులో పుట్టిన కొలతకు మన పల్లెల కొలత ఇంత దగ్గరగా దొరకడం అనువాదకుడి అదృష్టమనే చెప్పాలి.

‘కోసు’ సంస్కృత ‘క్రోశ’ శబ్దానికి తద్భవం. దాని ధాతువు ‘క్రుశ్’, అంటే అరవడం, పిలవడం. మనం ఇప్పటికీ వాడే ‘ఆక్రోశం’ దీని తోబుట్టువే. నక్కకు ‘క్రోష్ట’ అనే పేరు రావడానికి కారణం కూడా దాని ఊళే. కాబట్టి క్రోశమంటే మొదట దూరం కాదు, అరుపు. ఒకచోట నిలబడి వేసిన కేక ఎంతవరకు వినబడుతుందో అంత మేర క్రోశమయింది. తరువాత గణకులు దానికి దండాలూ మూరలూ కట్టి స్థిరపరిచారు. మూడున్నర కిలోమీటర్లకు పైగా మనిషి గొంతు వినబడుతుందా అని ఎవరైనా అడిగితే, మామూలుగా వినబడదనే ఒప్పుకుంటాను. మాట పుట్టిన చోటు వేరు, లెక్క స్థిరపడిన చోటు వేరు. యోజనం యుగానికి, అంటే కాడికి చుట్టం. ఎడ్లను కాడికి కట్టినప్పటి నుంచి విప్పేవరకు సాగే దూరమని దాని భావం.

నా చిన్నతనంలో గోదావరి లంకకు వెళ్లవలసి వచ్చినప్పుడల్లా మా తాతగారు రేవులో నిలబడి, రెండు అరచేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టి, ‘ఓ... పడవో...’ అని దీర్ఘం తీసేవారు. కాసేపు నీటి చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. అప్పుడు అవతలి ఒడ్డు నుంచి, పడవ అంచు మీద తెడ్డుతో కొట్టిన రెండు దెబ్బలు ‘టక్, టక్’ మని నీటి మీదుగా వచ్చేవి. పడవవాడు విన్నాడన్నమాట. ఆ పాయ వెడల్పు కోసులో సగం కూడా ఉండదు. అయినా క్రోశ శబ్దం అర్థం నాకు నిఘంటువు కన్నా ముందు ఆ రేవులోనే తెలిసింది.

తెలుగులో ఇదే ఊహతో పుట్టిన దేశ్యపదం ‘కూతవేటు’. రాయి విసిరితే పడే మేర రాతివేటు, కూత వేస్తే చేరే మేర కూతవేటు. సంస్కృతానికి ఇది అనువాదమని నేననను. అరిచి దూరం కొలుచుకోవడం మనుషులందరికీ సహజం. ఈ సహజమైన కొలతను మన కవులలో పోతన వాడుకున్నంత గొప్పగా మరెవరూ వాడలేదని నా నమ్మకం. గజేంద్రమోక్షంలో వైకుంఠం ఎన్ని యోజనాల దూరంలో ఉందో ఆయన చెప్పడు. ‘అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దాపల’ అని, ‘అల’ అనే ఒక్క చూపుతో దూరమంతా చూపించి, ఊరిలోకి, నగరులోకి, మూల ఉన్న మేడ దాపుకి, మందారవనంలోకి, సరస్సు ఒడ్డుకి, చంద్రకాంతశిల మీది కలువల పాన్పు దాకా మనను నడిపిస్తాడు. అంత దూరాన ఉన్నవాడు ‘విహ్వల నాగేంద్రము పాహి పాహి యనఁ గుయ్యాలించి సంరంభియై’ కదిలాడు. కుయ్యి అంటే ఆర్తనాదం. ‘కుయ్యో మొర్రో’ అంటున్నామే, ఆ కుయ్యే. మూడున్నర పాదాలు విస్తరించిన దూరాన్ని ‘కుయ్యాలించి’ అన్న ఒక్క మాట దాటేసింది. వైకుంఠం ఏనుగుకు కూతవేటు దూరంలోనే ఉందని ఇంతకన్నా అందంగా ఎవరు చెప్పగలరు? ఈ పద్యాన్ని బడిలో కంఠస్థం చేయించేవారు ‘కుయ్యి’ దగ్గర ఒక్క నిమిషం ఆగాలని నా మనవి.

ఇటువంటి మాటను నేటి పత్రికలు ఎలా వాడుతున్నాయో చూస్తే మనసు నొచ్చుకుంటుంది. నాలుగు కిలోమీటర్లూ కూతవేటే, పక్క మండలమూ కూతవేటే. దగ్గర అని చెప్పవలసిన ప్రతిచోటా అలవాటుగా దానిని అతికించడం వల్ల, గొంతుకూ దూరానికీ ఉన్న సంబంధం తెగిపోతున్నది. రాసేవారు ఒక్కసారి అక్కడ నిలబడి పిలిస్తే పలుకుతారా అని తమను తాము అడిగి చూసుకోవాలి.

మీ మిత్రుల మొదటి తగవు గురించి. పాత ఇంగ్లీషు అనువాదం 1872లో లండనులో వెలువడింది. చేసినది మెర్సియర్ అనే మతాచార్యుడు. మూలంలో ఐదో వంతుకు పైగా ఆయన వదిలేశాడు. హాయిగా పరుగెడుతుందంటే కారణం అదే. వదిలిన దానికన్నా తప్పుగా తెచ్చినది నన్ను ఎక్కువ బాధిస్తుంది. నీట మునిగేవారు తొడుక్కునే దుస్తులను ఆయన బెండు చొక్కాలన్నాడు. అవి తొడుక్కుంటే మునగడం కాదు, తేలడమే. ఉక్కు సాంద్రత నీటికి 7.8 రెట్లని మూలం చెబుతుంటే, దశాంశం తారుమారై ఉక్కు నీటికన్నా తేలికైపోయింది. శాస్త్రం తెలిసిన రచయితగా వెర్న్‌కున్న పేరు ఇంగ్లీషు పాఠకులలో చాలాకాలం మసకబారడానికి ఇటువంటి కొలతల తప్పులూ కారణమే. అందువల్ల రెండో పక్షం మాటే నాకు సమ్మతం. అంకెనూ కొలతనూ చిన్నవిషయమని దాటేసే అనువాదకుడు తల నిమురుతూ ప్రాణం తీసినట్టే.

పేరులోని ‘కింద’ గురించి కూడా ఒక మాట. ‘చెరువు కింద పొలం’ అంటే మనకు చెరువు నీటితో పండే పొలమే గాని చెరువు అడుగున ఉన్న పొలం కాదు. ‘అడుగున’ అంటే నేలను తాకినట్టుంటుంది, పైగా అడుగు కూడా ఒక కొలత. ‘లోపల’ మేలు. మూలంలో సముద్రం బహువచనంలో ఉంది; ‘సముద్రాల’ అనడానికి తెలుగుకు ఏ ఇబ్బందీ లేదు. పయనమనే మాట చేరిస్తే లోతు అనే భ్రమ కూడా తొలగిపోతుంది.

కోసు వైపు మొగ్గడానికి నాకు మరో కారణం ఉంది. సింహళ తీరంలో నాటిలస్ అధిపతి కెప్టెన్ నెమో ముత్యాల కోసం మునిగిన ఒక భారతీయుణ్ణి సొరచేప బారి నుంచి కాపాడి, ముత్యాల సంచి చేతిలో పెడతాడు. అతడికి ఆ పేదవాడి మీద అంత మమకారం ఎందుకో ఈ నవలలో పూర్తిగా తేలదు. తరువాత రాసిన మరో నవలలో వెర్న్ నెమోను బుందేల్‌ఖండ్ రాజకుమారుడని, 1857 పోరాటంలో పాల్గొన్నవాడని వెల్లడిస్తాడు. ఆ సీమవాడు బాల్యంలో దూరాన్ని కోసులలోనే విని ఉంటాడు.

కాబట్టి ‘సముద్రాల లోపల ఇరవై వేల కోసుల పయనం’ అనడం లెక్కకూ భావానికీ దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. ‘లీగు’ను అలాగే ఉంచడం తప్పనలేను, అయితే తెలుగు చెవికి అది క్రికెట్ పోటీలాగానో రాజకీయ పక్షంలాగానో వినబడుతుంది. ‘ఆమడ’ను మీరు వదులుకోలేకపోతే అంకెను ఐదు వేలకు మార్చవలసి వస్తుంది. లెక్క దాదాపు కుదురుతుంది గాని, ‘ఇరవై వేల’ అన్న పేరుతో ఒకటిన్నర శతాబ్దంగా ప్రసిద్ధమైన నవలకు అంకె మార్చమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.